ఆకుపచ్చ తీగ, నల్ల తీగ: మన ల్యాబు కరెంటు డబ్బా కథ

స్వర్ణోత్సవ సంచికలో మన బడి సైన్సు ల్యాబు గురించి ఒక వ్యాసం ఉండాలని, అది నేనే రాయాలని కమిటీ మిత్రులు పట్టుబట్టారు. నేను 1985లో పదో తరగతి పాసైన బ్యాచి వాణ్ణి. తర్వాత ఐటీఐ చదివి, నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో చిన్న దుకాణం పెట్టుకొని, మొదట రేడియోలు, టేప్ రికార్డర్లు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగు చేస్తూ బతికాను. వ్యాసాలు రాయడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే మన తెలుగు సార్లు మన్నించాలి.

రాసే ముందు బడికి పోయి ల్యాబు స్టాకు రిజిస్టరు తిరగేశాను. పట్టకాలు, కటకాలు, అయస్కాంతాలు, అమ్మీటర్లు, వోల్టుమీటర్లు, స్ప్రింగు త్రాసులు, బీకర్లు, పరీక్ష నాళికలు అన్నీ వరుసగా ఉన్నాయి. ప్రతిదానికీ కొన్న తేదీ, ధర, సంతకం ఉన్నాయి. కానీ 2004 నుంచి పదేండ్లకు పైగా పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ వాడిన సామాను మాత్రం అందులో లేదు. దాన్ని ఎవరూ కొనలేదు గనక రిజిస్టరుకు ఎక్కలేదు. అది పాత కంప్యూటర్ల నుంచి ఊడదీసిన కరెంటు డబ్బా. దుకాణాల్లో దాన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారు. ఆ డబ్బా మన బడికి ఎట్లా వచ్చింది, ఏం చేసింది, ఎందుకు బీరువాలోకి పోయింది అన్నదే ఈ వ్యాసం. అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు ఉంది. దాన్నీ రాస్తున్నాను.

సెల్లుల కాలం

మా రోజుల్లో ల్యాబుకు కరెంటు అంటే టార్చిలైటు సెల్లే. ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టు. అప్పటి ఫిజికల్ సైన్సు సారు ఇంటి నుంచి నాలుగు సెల్లులు తెచ్చేవారు. గాజు పాత్రలో నవాసారం ద్రావణం పోసి, జింకు కడ్డీ పెట్టి లెక్లాంచి ఘటం కూడా తయారు చేసి చూపించేవారు. మేకుకు రాగి తీగ చుట్టి విద్యుదయస్కాంతం చేసే ప్రయోగం వచ్చేసరికి సెల్లులకు ఆయువు తీరేది. ఏ సెక్షన్ పిల్లలకు మేకు గుప్పెడు గుండుసూదులు ఎత్తేది. బి సెక్షన్‌కు వచ్చేసరికి నాలుగో ఐదో ఎత్తేది. సి సెక్షన్‌లో ఒక్క సూది కూడా కదిలేది కాదు. నేను సి సెక్షన్.

తర్వాత బ్యాటరీ ఎలిమినేటర్లు వచ్చాయి. ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటరు, అంతే. ఆరు వోల్టులని మీద రాసి ఉన్నా, బల్బు తగిలించగానే నాలుగున్నరకు దిగేది. ఊళ్లలో సాయంత్రం మోటర్లన్నీ ఒకేసారి నడిస్తే లైను వోల్టేజీ పడిపోయి, దాని వెంట ఎలిమినేటరు కూడా పడిపోయేది. అర ఆంపియరు దాటితే వేడెక్కి వాసన వచ్చేది. ఓమ్ నియమం సరిచూడాలంటే చేతిలో ఉన్న వోల్టేజీ ఒక్క చోట నిలవాలి కదా! అది నిలవక, పిల్లలు గ్రాఫులో చుక్కలు ముందే పెట్టుకొని, రీడింగులు తర్వాత రాసుకునేవారు. మేమూ అట్లే రాసినం. ఇప్పుడు చెప్పుకుంటే పరవాలేదనుకుంటాను.

పిప్పితో నడిచిన ఫ్యాక్టరీ

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. మా బాపు బోధన్ షక్కర్‌నగర్‌లో, చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాల్వ నీళ్లు వచ్చిన తర్వాత ఈ నేలలో చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దానికి పేరు. చలికాలంలో గానుగ మొదలైతే చెరకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. ఊరంతా ఉడుకుతున్న రసం వాసన. మనలో చాలామంది ఆ బండ్ల వెనుక పరుగెత్తి గడలు లాగినవాళ్లమే.

బాపు ఒకసారి నన్ను బాయిలరు చూపించడానికి తీసుకుపోయాడు. రసం పిండగా మిగిలిన పిప్పిని పొయ్యిలోకి పంపుతారు. ఆ మంటతో ఆవిరి పుడుతుంది. ఆవిరితో యంత్రాలు తిరుగుతాయి, ఫ్యాక్టరీకి కరెంటు పుడుతుంది. పని చేసి బయటికి వచ్చిన ఆవిరితోనే మళ్లా రసం కాగుతుంది. మొలాసిస్‌తో స్పిరిట్ చేస్తారు. రసం వడగట్టగా మిగిలిన మడ్డి పొలాలకు ఎరువు. "ఈడ పారేసేది ఏం లేదు బిడ్డా, పొగ తప్ప" అన్నాడు బాపు. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఇరవై ఏండ్ల తర్వాత కబాడీ దుకాణం ముందర నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది.

కంప్యూటర్లు వచ్చాయి, పోయాయి

1990ల నడిమిలో నిజామాబాద్‌లో కంప్యూటర్ అంటే అద్దాల గది, ఏసీ, చెప్పులు బయట విడవడం. 2000 దాటేసరికి గల్లీకో ఇంటర్నెట్ సెంటరు వచ్చింది. టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్లు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లుగా మారాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖం తెర మీద చూడడానికి ముసలమ్మలు సెంటర్ల ముందు బెంచీల మీద కూర్చునేవారు. నా దుకాణంలో టీవీలు తగ్గి కంప్యూటర్లు పెరిగాయి.

నాలుగైదేండ్లు తిరగకముందే అవే కంప్యూటర్లు తక్కెడకు వచ్చాయి. పాత పెంటియం మిషన్లు కొత్త ప్రోగ్రాములను మోయలేకపోయాయి. ఇన్‌స్టిట్యూట్లు, ఆఫీసులు, సెంటర్లు వాటిని కిలోల లెక్కన అమ్మేశాయి. ఒకరోజు బోధన్ రోడ్డులో కబాడీ దుకాణం ముందు నుంచి పోతుంటే, ఇద్దరు పిల్లలు సుత్తెలతో ఎస్‌ఎంపీఎస్ డబ్బాలు పగలగొడుతున్నారు. రేకు ఒక కుప్ప, అల్యూమినియం ఒక కుప్ప, రాగి తీగ ఒక కుప్ప. తీగల తోలు పోవడానికి పక్కనే మంట. కళ్లు మండే పొగ. అందులో ఒక డబ్బాను దుకాణానికి తెచ్చి ప్లగ్గు పెట్టి చూశాను. 12 వోల్టుల దగ్గర 12.1, 5 వోల్టుల దగ్గర 5.05. కొత్తదానికి ఏమీ తీసిపోలేదు.

అప్పుడు అర్థమైంది. కంప్యూటరు పాతబడేది వేగంలో. కరెంటు ఇచ్చే డబ్బాకు ఆ వేగంతో పని లేదు. మోట పాతదైతే ఎద్దును కూడా అమ్ముకున్నట్టు, మనం బాగున్న డబ్బాను కూడా కలిపి అమ్ముతున్నాం. ఆ రోజే భాయితో మాట్లాడుకున్నాను. పగలగొట్టకుండా నాకు ఇస్తే రేకు ధర మీద ఇంకో పది రూపాయలు ఎక్కువ ఇస్తానన్నాను. అట్లా ఆ ఏడాది నా దగ్గర పదిహేడు డబ్బాలు చేరాయి. వాటిలో పదకొండు పనిచేశాయి.

డబ్బా లోపల కథ

ఎలిమినేటరు బరువంతా ట్రాన్స్‌ఫార్మరులోని ఇనుముదే. మన లైను కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంత నెమ్మదిగా ఊగే కరెంటును మార్చాలంటే ఇనుము ఎక్కువ కావాలి. ఎస్‌ఎంపీఎస్ వేరే దారి పట్టింది. వచ్చిన 230 వోల్టులను ముందే డీసీగా మార్చుతుంది. అది దాదాపు 325 వోల్టులు అవుతుంది. ఆ డీసీని ట్రాన్సిస్టర్లతో సెకనుకు పదుల వేల సార్లు తెంపుతూ కలుపుతూ, అగ్గిపెట్టెను మించని చిన్న ఫెరైటు ట్రాన్స్‌ఫార్మరుకు అందిస్తుంది. బయట లోడు పెరిగితే కలిపి ఉంచే సమయం పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. అందుకే లైను వోల్టేజీ కొంత ఊగినా బయట 5 వోల్టులు 5 గానే ఉంటుంది. చెరకు రసానికి పొయ్యి దగ్గర మంట ఎగదోసేవాడు, తగ్గించేవాడు ఉంటాడే, ఆ పని ఇక్కడ ఒక చిన్న చిప్పు చేస్తుంది. పాత డబ్బాల్లో ఎక్కువగా కనిపించేది టీఎల్ 494.

ఇది మొదట్లో ఖరీదైన పరికరాల్లోనే ఉండేది. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటరులో రాడ్ హోల్ట్ ఇట్లాంటి సప్లయినే పెట్టాడు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ సప్లయి 63.5 వాట్లది. 1984లో ఏటీ మోడలు వచ్చేసరికి 192 వాట్లయింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత పెట్టింది. ఆ కొలత పాటించే డబ్బా ఏ కంపెనీదైనా దాదాపు అవే స్క్రూలు, అవే కనెక్టర్లు, అవే రంగు తీగలు. మనకు పనికొచ్చింది ఈ ఒకే తీరే. ఒక డబ్బా నేర్చుకున్నవాడు ఆ కొలత పాటించే ఇంకో డబ్బాను కూడా వాడగలడు.

పాత ఏటీ డబ్బాలు మాత్రం బడికి తేలేదు. వాటి ఆన్ ఆఫ్ స్విచ్చికి 230 వోల్టులే నేరుగా తీగల్లో వస్తాయి. పిల్లల చేతికి ఇచ్చేవి కావు. ఏటీఎక్స్‌లో ఆ ఇబ్బంది లేదు. దాన్ని లేపడానికి వాడేది 5 వోల్టుల సంకేతమే. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపితే ఫ్యాను తిరుగుతుంది, విడదీస్తే ఆగుతుంది.

మన డబ్బా తయారైన తీరు

2004 ఎండాకాలం సెలవుల్లో అప్పటి ఫిజికల్ సైన్సు సారు, నేను కలిసి మొదటి డబ్బా చేశాం. ఆయన నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. ఒక చెక్క పలక మీద ఎస్‌ఎంపీఎస్‌ను బిగించాం. ముందు పక్క ప్లాస్టిక్ పలకకు నాలుగు టెర్మినళ్లు పెట్టాం. ఎర్ర తీగలన్నీ కలిపి 5 వోల్టులకు, పసుపు తీగలన్నీ కలిపి 12కు, నారింజ తీగలు 3.3కు, నల్ల తీగలన్నీ కలిపి నెగెటివ్‌కు. ఊదా తీగకు ఒక చిన్న లైటు. ప్లగ్గు పెట్టగానే అది వెలుగుతుంది, డబ్బాలో కరెంటు ఉందని గుర్తు. బూడిద రంగు తీగకు ఇంకో లైటు. వోల్టేజీలు సరిగా వచ్చాయని డబ్బా తానే చెప్పే మాట అది. ఆకుపచ్చ, నల్ల తీగల మధ్య ఒక స్విచ్చి.

పాత డబ్బాల్లో కొన్ని ఖాళీగా ఉంటే లేవవు, లేచినా వోల్టేజీ నిలవదు. వాటికి ఎప్పుడూ కొంచెం పని చెప్పాలి. అందుకని 5 వోల్టుల మీద 10 ఓములు, 10 వాట్ల సిమెంటు రెసిస్టరు ఒకటి కట్టాం. అది అర ఆంపియరు తాగుతూ ఉంటుంది. పుట్టేది రెండున్నర వాట్ల వేడే అయినా చెయ్యి పెడితే కాలుతుంది, అందుకని ఫ్యాను గాలి తగిలే చోట పెట్టాం. ఎస్‌ఎంపీఎస్ వెనుక 115, 230 అని రాసి ఉండే ఎర్ర స్విచ్చి మీద గట్టి టేపు అతికించాం. అది 115 వైపు ఉండగా మన కరెంటు ఇస్తే లోపలి కెపాసిటర్లు పేలిపోతాయి. నా దుకాణంలో ఒకసారి పేలింది. పక్క హోటలు వాళ్లు దీపావళి పటాకులు అనుకున్నారు.

మొత్తం ఖర్చు వంద రూపాయలు దాటలేదు. జూన్‌లో బడి తెరిచాక ఆ డబ్బాతో మేకు ప్రయోగం చేయించాం. మూడు సెక్షన్లలోనూ మేకు గుప్పెడు సూదులు ఎత్తింది. సి సెక్షన్‌లో నేను చివరిదాకా నిలబడి చూశాను.

ఆ తర్వాత శనివారం మధ్యాహ్నాలు దుకాణం మూసి బడికి పోయేవాణ్ణి. ఎడపల్లి, జానకంపేట వైపు నుంచి వచ్చే పిల్లలు బస్సు టైము దాకా ఉండేవారు. 5 వోల్టులకు ఎల్‌ఈడీ కట్టాలంటే 150 ఓములు ఎందుకో లెక్క వేసేవారు. ఎర్ర ఎల్‌ఈడీ రెండు వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన మూడు వోల్టులను 20 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 150. మైలుతుత్తం నీళ్లలో ఇనుప తాళంచెవికి రాగి పూత పూశారు. ఎల్‌ఎం 317 చిప్పు పెట్టి, 12 వోల్టుల నుంచి ఒకటింబావు మొదలుకొని తొమ్మిది దాకా కావలసినంత తీసుకున్నారు. సొంతంగా కట్టిన చిన్న రేడియోను దీనికి తగిలిస్తే హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మీద బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ వినపడలేదు. లోపల వేల సార్లు తెగుతున్న కరెంటు చేసే గోల అది. అదే రేడియోను సెల్లుల మీద పెడితే వార్తలు వచ్చాయి. పాత సెల్లు కూడా గొప్పదే అని ఆ రోజు పిల్లలకు చెప్పాం.

ఊళ్ల నుంచి పెద్దవాళ్లు కూడా వచ్చేవారు. ట్రాక్టరు బ్యాటరీ దీంతో చార్జి అవుతుందా అని అడిగేవారు. కాదని చెప్పేవాళ్లం. 12 వోల్టుల బ్యాటరీ నిండాలంటే 14కు దగ్గరగా ఇవ్వాలి. 12 ఇస్తే నిండదు, పైగా బ్యాటరీ నుంచే కరెంటు డబ్బాలోకి ఎదురు తన్నొచ్చు. ఒకాయన వినకుండా పెట్టి డబ్బాను కాల్చుకొని, దాన్నే సంచిలో వేసుకొని నా దుకాణానికి వచ్చాడు.

పచ్చ అంటే ఏది?

ఇప్పుడు నా తప్పు సంగతి. 2008, సైన్సు ఫెయిరుకు రెండు రోజుల ముందు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నీటి పంపు నమూనా చేస్తున్నాడు. పేరు రాయను. చురుకైన పిల్లవాడు. ఇంట్లో కూర్చొని పని పూర్తి చేసుకుంటానంటే, ఇంకా టెర్మినళ్లు పెట్టని ఒక విడి ఎస్‌ఎంపీఎస్‌ను ఇచ్చి పంపాను. అది మొదటి తప్పు.

ఆ సాయంత్రం దుకాణంలో గిరాకీ ఎక్కువగా ఉంది. ఫోను మోగింది. "సార్, డబ్బా లేస్తలేదు" అన్నాడు. "పచ్చ తీగ, నల్ల తీగ కలిపినవా?" అన్నాను. "కలిపిన సార్, ఫ్యాను తిరుగుతలేదు." ఒక చేత్తో ఇంకొకరి సీపీయూ పట్టుకొని, ఆలోచించకుండా అనేశాను: "ఫ్యూజు పోయిందేమో. మూత ఇప్పి చూడు. కరెంటు బందు చేసి చూడు."

వాడు గోడ మీది స్విచ్చి ఆపాడు. ప్లగ్గు పీకలేదు. నాలుగు స్క్రూలు విప్పాడు. ఫ్యూజు కోసం వేలు పెట్టాడు. వాళ్ల ఇంటి వైరింగులో ఎవరో ఆ స్విచ్చిని ఫేజు తీగకు పెట్టాల్సింది న్యూట్రల్ తీగకు పెట్టారు. స్విచ్చి ఆపితే ఇంట్లో లైటు ఆగుతుంది, ఫ్యాను ఆగుతుంది, అంతా ఆగినట్టే కనిపిస్తుంది. కానీ ఫేజు మాత్రం డబ్బాలోకి వస్తూనే ఉంటుంది. అది మొదట చేరేది ఆ ఫ్యూజు దగ్గరికే. వాడు ఉత్త కాళ్లతో తడి నేల మీద కూర్చొని ఉన్నాడు.

షాకు వాణ్ణి వెనక్కి విసిరికొట్టింది. అదే వాణ్ణి బతికించింది. పట్టుకొని ఉంటే ఈ వ్యాసం వేరే తీరుగా ఉండేది, అసలు ఉండేదే కాదేమో. చూపుడు వేలు కాలింది, మోచెయ్యి గోడకు తగిలి వాచింది. బోధన్‌లో దవాఖానకు తీసుకుపోతే ఒక రాత్రి ఉంచుకొని చూసి పంపారు. నేను పోయేసరికి వాడు పడుకొని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. ఫెయిరుకు రావచ్చా సార్ అని అడిగాడు. నేనేమీ మాట్లాడలేకపోయాను.

మూడో రోజు వాళ్లమ్మ బడికి వచ్చింది. వాళ్ల నాన్న దుబాయిలో ఉండేవాడు. హెడ్ మాస్టరు గదిలో సైన్సు సారు, నేను తలలు వంచుకొని నిలబడ్డాం. తిడుతుందని అనుకున్నాం. ఆమె తిట్టలేదు. డబ్బాను కొంగులో కట్టుకొని తెచ్చింది. బల్ల మీద పెట్టి, ఒక తీగ చూపించి అడిగింది: "సారూ, మీరు పచ్చ తీగ అన్నరంట గద. పిలగాడు గిదే కలిపిండు. గిది పచ్చ కాదా?"

ఆమె వేలు పసుపు తీగ మీద ఉంది.

మాది పసుపు పండే జిల్లా. ఈ ఊళ్లలో పచ్చ అంటే పసుపు రంగే. పచ్చ చీర అంటే పసుపు చీర. నేను ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణే. కానీ ఇరవై ఏండ్లు దుకాణంలో తీగల మధ్య కూర్చొని, పచ్చ అంటే ఆకుపచ్చ అనే అలవాటు పడ్డాను. వాడు పసుపు తీగను నల్ల తీగకు కలిపాడు. డబ్బా లేవలేదు. లేవకపోవడమే న్యాయం. డబ్బాలో ఏ లోపమూ లేదు. ఫ్యూజు పోలేదు. మూత విప్పాల్సిన అవసరమే లేదు. "ఏ రంగు తీగ కలిపినవ్ బిడ్డా, ఆకు రంగా, పసుపు రంగా?" అని ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది.

హెడ్ మాస్టరు అదే రోజు డబ్బాలన్నిటినీ బీరువాలో పెట్టించి తాళం వేశారు. ఆయన చేసింది తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నేనే ఇక శనివారాలు రానని చెప్పాను. పోతూ పోతూ ఆ తల్లి అన్నది: "మా పిలగాడు కరెంటు పని ఇడువడు సారూ. నాకు ఎరికె. ఎట్ల ముట్టాల్నో మీరు నేర్పకపోతె ఎవలు నేర్పుతరు?"

మళ్లీ మొదలు

నాలుగు నెలల తర్వాత బీరువా తెరిచారు. ఈసారి ముందు రాత, తర్వాత పని. సైన్సు సారు, నేను, ఆ పిల్లవాడు కలిసి గోడ మీద అట్ట కట్టాం. అందులో పచ్చ అనే మాట లేదు. ప్రతి తీగ రంగు పక్కన అదే తీగ ముక్కను అతికించాం. ఎర్ర ముక్క 5, పసుపు ముక్క 12, నారింజ ముక్క 3.3, ఆకు రంగు ముక్క లేపేది. చదవడం రాని వాడికి కూడా తెలియాలని.

కింద నియమాలు రాశాం. స్విచ్చి ఆపడం వేరు, ప్లగ్గు పీకడం వేరు. ప్లగ్గు పీకి, అది కళ్ల ముందు పెట్టుకొనే ఏదైనా ముట్టాలి. ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు మిగిలి ఉంటుంది కాబట్టి మూత విప్పడం పిల్లల పని కాదు, ఏనాడూ కాదు. డబ్బా లేవకపోతే దుకాణానికి రావాలి. ఏ డబ్బా ఇంటికి పోదు. చెప్పులు లేకుండా ల్యాబులోకి రావద్దు. గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచే అలవాటును ఈ ఒక్క గదిలో తీసేశాం. ఆ ఎండాకాలం సైన్సు సారు పిల్లలను వెంటబెట్టుకొని, టెస్టరుతో పదో తరగతి పిల్లల ఇండ్లలో స్విచ్చిలు చూశారు. ఫేజుకు బదులు న్యూట్రల్‌కు పెట్టినవి ఆ ఒక్క ఇంట్లోనే కాదని తేలింది. దొరికిన వాటిని ఊరి ఎలక్ట్రీషియన్లతో సరి చేయించాం. మన ల్యాబు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది అదే.

2015 డిసెంబరులో షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడింది. బాపు అప్పటికి లేడు. పిప్పి పొగ లేని చలికాలం ఎట్లుంటుందో ఆ ఏడు మొదటిసారి చూశాం. ఫ్యాక్టరీ పని నమ్ముకొని బతికిన ఇండ్ల పిల్లలు హైదరాబాద్‌కు, గల్ఫ్‌కు పోయారు. బడిలో పిల్లల సంఖ్య తగ్గింది. సైన్సు సారు బదిలీ మీద పోయారు, నాకు మోకాళ్లు పట్టుకున్నాయి. డబ్బాలు మళ్లీ బీరువాలోకి పోయాయి. ఈసారి ఎవరూ తాళం వేయలేదు. ఎవరూ తెరవలేదు, అంతే.

ఈలోగా చట్టాలు వచ్చాయి. ఎలక్ట్రానిక్ చెత్త మీద 2011లో చేసిన నియమాలు 2012 మే నుంచి అమలయ్యాయి. 2016లో, 2022లో కొత్తవి వచ్చాయి. వాడేసిన కంప్యూటర్లను అనుమతి ఉన్న రీసైక్లింగు వాళ్లకే ఇవ్వాలి, తీగలు తగలబెట్టకూడదు. మంచిదే. ఆ టంకంలో సీసం ఉంటుంది, ఆ పొగ ఎవరి పిల్లలు పీల్చినా విషమే. కానీ చెత్త అని పేరు పెట్టే ముందు, బాగున్నదేదో చూసుకునే పని ఇంకా మన చేతిలోనే ఉంది. బడికి వచ్చిన డబ్బా ఇంకో పదేండ్లు బతికితే, కొత్తది కొనే పని పదేండ్లు తప్పినట్టే.

బీరువా దగ్గర

ఈ వ్యాసం కోసం నేను బడికి పోయిన రోజు నాతో ఒకతను వచ్చాడు. అప్పటి తొమ్మిదో తరగతి పిల్లవాడే. ఇప్పుడు ముప్ఫై దాటాయి. గల్ఫ్‌లో బిల్డింగుల కరెంటు పని చూసే ఫోర్‌మన్. సెలవు మీద వచ్చాడు. బీరువాలో ఆరు డబ్బాలు మిగిలి ఉన్నాయి. మొదటిది తీసి ప్లగ్గు పెట్టబోతుంటే నన్ను ఆపాడు. జేబులోంచి టెస్టరు తీసి ముందు సాకెట్టు చూశాడు. తర్వాత టార్చి పట్టి గాలి సందుల్లోంచి లోపలికి చూశాడు. రెండు డబ్బాల్లో కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. అవి పక్కన పెట్టించాడు, రీసైక్లింగుకు పోవాలన్నాడు. మిగతా నాలుగింటిని ఒక్కొక్కటిగా లేపాడు. మూడు లేచాయి. వేలి మీద మచ్చ ఇంకా ఉంది, చూపించమంటే నవ్వి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

గోడ మీది అట్ట సగం చెదలు తిన్నది. తీగ ముక్కలు మాత్రం రంగు పోకుండా ఉన్నాయి.

మిత్రులకు నా మనవి ఇది. స్వర్ణోత్సవం పేరుతో బడికి ప్రొజెక్టర్లు, డిజిటల్ బోర్డులు ఇస్తామని చాలామంది ముందుకొచ్చారు, సంతోషం. వాటితో పాటు మీ ఇండ్లలో, ఆఫీసుల్లో మూలకు పడేసిన పాత డెస్క్‌టాప్‌లు ఉంటే, కబాడీకి వేసే ముందు ఒక మాట చెప్పండి. పరీక్ష చేసి, బాగున్న డబ్బాలు నాలుగు బడికి ఉంచుకొని, మిగిలినవి చట్టం చెప్పిన చోటికే పంపుదాం. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు బడికి రాగల ఎలక్ట్రీషియన్లు, మెకానిక్కులు, ఇంజినీర్లు మన బ్యాచుల్లో ఎంతమంది లేరు? ఇద్దరు దొరికితే చాలు. మోకాళ్లు సహకరించినన్ని రోజులు మూడోవాణ్ణి నేను ఉంటాను.

కొత్త అట్ట మాత్రం నేనే రాసి పెట్టాను. రంగుల పేర్లు ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలతోనే చెప్పించి రాశాను. ఆకుపచ్చ తీగను వాళ్లు ఆకు రంగు అన్నారు. అట్లే రాశాను.